నేను పెట్టని మందు

నా పైవరుసలో ముందరి పళ్ళు రెండు లేవు. వయసు మీదపడి ఊడిపోయాయని అందరూ అనుకుంటారు. నేనూ అనుకోనిస్తాను. అడిగినవాళ్ళందరినీ కూచోబెట్టి చెప్పే ఓపిక నాకెప్పుడూ లేదు. అవి ఊడలేదు, ఊడగొట్టారు. షామీర్‌పేటలో మా అత్తగారి వాకిట్లో, పట్టపగలు, కారం నూరే గుండ్రాయితో నా మొగుడే ఊడగొట్టాడు. నాకప్పటికి ఇరవై నిండలేదు, చంటిపిల్ల తల్లిని. ఆ పూట నోటినిండా నెత్తురుతో నేను ఏడ్చింది పళ్ళ కోసం కాదు. నా బిడ్డను మా అత్త చంకనేసుకుని లోపలికి పోయి తలుపు గడియ పెట్టుకుంది. ఆ గడియ చప్పుడుకు ఏడ్చాను.

ఇదంతా మొదలైంది నా మొగుడి గొంతులో. అది అర్థం కావడానికి మాకు చాలా రోజులు పట్టింది, ఆలోగా జరగాల్సిన ఘోరం జరిగిపోయింది.

మా పుట్టిల్లు మేడ్చల్. రైలు స్టేషను వెనక నాయినకు కొంచెం మెట్ట చెలక ఉండేది. చర్చివాళ్ళు నడిపే బడి మా ఇంటికి దగ్గర కాబట్టి నాలుగు తరగతులు చదివాను. ఆడపిల్లకు చదువెందుకన్న వాళ్ళకు నాయిన తలూపి, మర్నాడు మళ్ళీ నన్ను బడికి తోలేవాడు. అత్తగారింటికి పోయాక ఆ నాలుగు తరగతులే నా మెడకు చుట్టుకున్నాయి. నేను ఏ మాటకు ఎదురు చెప్పినా మా అత్త, "మిషనోళ్ళ బడికి వోయింది గదా, నాలిక పొడుగైంది" అనేది. అందులో అబద్ధం లేదు. ముక్కుమీద కోపం నాకు పుట్టుకతోనే వచ్చింది.

నా మొగుడికి నాకంటే ఎక్కువ. అత్తగారిది బాగా ఉన్న ఇల్లు. చెరువు కింద తరి పొలం, రెండు బావులు, ఎడ్లు. అతను నిలువెత్తు మనిషి, ఒక్కడే మోట తోలేవాడు. యుద్ధం నడుస్తున్న కాలమది. బొల్లారం వైపు మిలటరీ లారీలు పోయేవి, కిరసనాయిలు దొరికేది కాదు, లెవీ అని సర్కారువాళ్ళు వడ్లు కొలుచుకుపోయేవాళ్ళు. ఆ యుద్ధం నాకు వినికిడి మాత్రమే. మా ఇంట్లో యుద్ధం అన్నం పళ్ళెం దగ్గర జరిగేది.

అతని తిండి అలాంటిది. జొన్నరొట్టెలోకి పచ్చిమిరపకాయల తొక్కు, మేకను కోసి యాటకూర వండిన రోజు ముక్క కనపడనంత కారం, అన్నం మీద అన్నం, ఆపైన చుట్ట. పొలం నుంచి వస్తూ తాటివనంలో ఆగి కల్లు తాగి వచ్చేవాడు. కల్లు చలువ అని మా దగ్గర అందరి నమ్మకం. ఛాతీలో మంట పుడితే కల్లు తాగేవాడు, కల్లు దిగితే ఆకలయ్యేది, ఆకలికి మళ్ళీ కారం, కారం మీద మళ్ళీ మంట. తిన్న చెయ్యి కడుక్కుని నేరుగా మంచం మీద వెల్లకిలా పడేవాడు. కాసేపటికి ఎవరో తన్ని లేపినట్టు ఎగిరి కూచునేవాడు. గొంతులోకి పుల్లటి నీళ్ళు తన్నుకొచ్చేవి. పొద్దున లేస్తే గొంతు బొంగురు, పొడి దగ్గు. గట్టు చెక్కడానికి వంగితే చాలు, తిన్నదంతా నోట్లోకి వచ్చేది. ఛాతీ మీద పిడికిలితో దబదబ గుద్దుకునేవాడు.

"ఏం గలిపినవే కూరల? ఛాతిల నిప్పులు వోసినట్టు మండుతాంది!"

"నువ్వు తిన్నదే నేను తిన్న. నాకెందుకు మండలే మరి?"

అంతే, పళ్ళెం లేచేది. ఒకసారి ఇత్తడి చెంబు విసిరితే నా కనుబొమ చీలింది. ఇంకోసారి జుట్టు పట్టి పొయ్యి దాకా ఈడ్చి, కూర గిన్నెలోకి నా మొహం వంచి, "తిను, నువ్వే తిను" అన్నాడు. కూర చల్లారి ఉండబట్టి బతికాను. నేను ఊరుకున్నానని చెప్పను. ఒకనాడు రొట్టె పెనం తీసి విసిరాను. మోకాలికి తగిలి రెండు రోజులు కుంటుతూ నడిచాడు. ఆ రెండు రోజులూ నాకు అన్నం మహా రుచిగా ఉంది.

మా అత్త మాత్రం కొడుకును ఒక్క మాట అనేది కాదు. తినే సోడా నీళ్ళలో కలిపి ఇచ్చేది. అది తాగి పెద్దగా త్రేన్చి, ఆ కాసేపు మనిషిలా ఉండేవాడు. తర్వాత మళ్ళీ మొదలు.

బిడ్డ పుట్టిన ఏడు ఒక వింత జరిగింది. మంట తగ్గింది. సోడా అడగడం మానేశాడు. కల్లు పనిచేసిందని అతనూ, మొక్కు ఫలించిందని మా అత్తా అనుకున్నారు. నా ఒంటికి కూడా కొంచెం విశ్రాంతి దొరికింది. అప్పుడే కొత్త తిప్పలు మొదలయ్యాయి. రొట్టె ముక్క ఛాతీ మధ్యలో ఆగిపోయేది. నీళ్ళు తాగి కిందికి తోసేవాడు. కొన్నాళ్ళకు అన్నం ముద్ద కూడా ఆగడం మొదలైంది. తింటూ తింటూ లేచి నిలబడి, మెడ నిక్కించి, కనుగుడ్లు తేలేసి, గోడ పట్టుకుని ఊగేవాడు. మనిషి చిక్కిపోయాడు. మోట తోలే చేతుల్లో కండ జారిపోయింది. కండ జారినా దెబ్బ మాత్రం తగ్గలేదు.

అప్పుడే ఇంట్లో ఆ మాట పుట్టింది.

"ఎవలో ఏందో మందు మింగిచ్చిన్రు నా కొడుకుకు" అంది మా అత్త, నేను వింటుండగానే.

మందు పెట్టడమంటే మా ఊళ్ళల్లో చిన్న మాట కాదు. మొగుణ్ణి కొంగుకు కట్టుకోవాలనుకున్న ఆడది అన్నంలో ఏదో కలిపి పెడుతుందనీ, అది కడుపులో కరగకుండా ముద్దలాగా ఉండిపోయి మనిషిని ఎండగడుతుందనీ నమ్మేవాళ్ళు. వెంట్రుకలు కలుపుతారని కొందరు, శ్మశానం బూడిద కలుపుతారని కొందరు. దాన్ని బయటికి తీసేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు. పసరు పోసి కక్కిస్తారు. ముద్ద బయట పడితే రోగం పోయినట్టు, వండిపెట్టిన ఆడదాని పని అయిపోయినట్టు. మా ఇంట్లో వండేది నేనొక్కదాన్నే. అందుకని ఆ మాట పుట్టిన రోజే అది ఎవరి మీదికి వస్తుందో నాకు తెలుసు.

"నేను మందు వెడితే, నాకెందుకిట్ల తన్నులు? కొంగుకు కట్టుకున్న మొగుడు గిట్లనే తంతడా?" అని అడిగాను. మా అత్త చేతిలో ఉన్న చీపురు నా వీపు మీద పడింది.

ఒకరోజు ఇంటికి చుట్టాలొస్తే యాటను కోశారు. అతను వాళ్ళతోపాటు కూచుని ఎముకలున్న ముక్కలు వదిలేసి మెత్తటివి ఏరుకుని తిన్నాడు. ఉన్నట్టుండి లేచాడు. నీళ్ళు తాగాడు, ఆ నీళ్ళు ముక్కులోంచి బయటికొచ్చాయి. మళ్ళీ తాగాడు, మళ్ళీ అంతే. మర్నాటికి ఉమ్ము కూడా దిగడం లేదు. గిన్నె పట్టుకుని కూచుని అందులోకి కారుస్తున్నాడు. ఆకలికి, దాహానికి, భయానికి పిచ్చెత్తి గొడ్లపాక గుంజకేసి తల కొట్టుకున్నాడు. దగ్గరికి పోయిన నన్ను కడుపులో తన్నాడు. చంకలో ఉన్న బిడ్డ జారి గడ్డివాములో పడబట్టి దానికి దెబ్బ తగల్లేదు.

దుండిగల్ దిక్కు నుంచి మందు తీసే మనిషిని బండి కట్టి తీసుకొచ్చారు. ముసలివాడు, సన్నటి గొంతు. వచ్చీ రాగానే నన్ను ఎగాదిగా చూశాడు. ఆకులు నూరి, ఆకుపచ్చటి పసరు ముంతలో పిండి, వాకిట్లో అతన్ని కూచోబెట్టి తల వెనక్కి వంచి పోశాడు. అది లోపలికి ఎంత పోయిందో ఏమో గానీ, అతను డోకడం మొదలుపెట్టాడు. అలాంటి డోకులు నేను మళ్ళీ వినలేదు. మనిషిని ఎవరో లోపలి నుంచి తిరగేస్తున్నట్టు ఒళ్ళంతా మెలికలు తిరిగింది. పసరు వచ్చింది, పచ్చటి పుల్లటి నీళ్ళొచ్చాయి, నురుగొచ్చింది, తర్వాత ఎర్రగా నెత్తురొచ్చింది. ఇద్దరు పాలేర్లు భుజాలు పట్టుకున్నారు. "ఇంకింత వొయ్యి" అంది మా అత్త. పోశాడు. ఈసారి గొంతులోంచి ఏదో తెగినట్టు చప్పుడై, ఇత్తడి పళ్ళెంలో ముద్ద ఒకటి పడింది. బూడిద రంగు, జిగట, చుట్టూ నెత్తురు. పీచులు పీచులుగా ఉంది.

"ఇగో మందు!" అన్నాడు ముసలివాడు. "సూడున్రి, యెంటికలు గూడ ఉన్నయి."

వాకిలి నిండా జనం. అందరూ వంగి చూశారు. నేనూ చూశాను. ఏమిటో నాకూ తెలియలేదు. అదే నా ఖర్మ. తెలిసుంటే అరిచేదాన్ని. ముసలివాడు నీళ్ళ చెంబు అతనికి అందించాడు. అతను తాగాడు. నీళ్ళు గడగడా కిందికి దిగాయి. రెండు రోజులుగా చుక్క దిగని గొంతులోంచి అలా నీళ్ళు దిగుతుంటే జనం "అబ్బ" అన్నారు. నేను ఆ ఒక్క "అబ్బ"తో చచ్చాను. ఇంకెవరి సాక్ష్యం కావాలి?

"మందు వెట్టిన నోరు మంత్రం గూడ సదువుతది" అన్నాడు ముసలివాడు. "ముందటి పండ్లు ఉంటే మళ్ళ సదువుతది."

మిగిలినదాన్ని సాగదీసి చెప్పను. పాలేర్లు నా చేతులు పట్టుకున్నారు. నేను ఒకడి మణికట్టు కొరికాను, వాడి చర్మం నా నోట్లోకి వచ్చింది. మా అత్త రోటి దగ్గరి గుండ్రాయి తెచ్చి కొడుక్కిచ్చింది. అతని గడ్డం మీద ఇంకా పసరు కారుతోంది. "నువ్వా వెట్టింది?" అని అడిగాడు. "నేనేం పెట్టలే. నీ బిడ్డ మీదొట్టు, నేనేం పెట్టలే" అన్నాను. నా కళ్ళలోకి చూస్తూనే కొట్టాడు. మొదటి దెబ్బకు పెదవి చితికింది. రెండో దెబ్బకు పళ్ళు లోపలికి విరిగాయి. ఒకటి ఉమ్మాను, ఒకటి మింగాను. అప్పుడే లోపల గడియ పడింది.

చెరువు కట్ట దాటే దాకా నా వెనక పిల్లలు రాళ్ళు విసురుతూ వచ్చారు. మేడ్చల్ దాకా నడిచాను. నాయిన గడపలోనే కూచుని ఉన్నాడు. నా మొహం చూసి లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. "ఎవరు బిడ్డా, ఎవరు కొట్టిన్రు?" అన్నాడు. నేను "బిడ్డను తే నాయినా, జల్దీ పొయ్యి బిడ్డను తే" అన్నాను. పళ్ళు లేని నోటితో ఆ మాట ఎలా పలికిందో, ఆయన రెండుసార్లు అడిగితే గానీ అర్థం కాలేదు.

ఆయన మర్నాడే పోయాడు. నలుగురు పెద్దమనుషులను వెంటబెట్టుకుని ఇంకోసారి పోయాడు. "మొగనికే మందు వెట్టిన చెయ్యి, బిడ్డకు వెట్టదా?" అని మా అత్త అడిగితే ఆ పెద్దమనుషులు తల దించుకుని తిరిగొచ్చారట. మళ్ళీ పోతే పాలేర్లు నాయిన తలపాగా గుంజి తోశారు. నా రొమ్ములు రాళ్ళలా గట్టిపడి జ్వరమొచ్చింది. పాలు గోడ మీదికి పిండుకునేదాన్ని. పిండుకుంటూ ఆ ఇల్లు తగలబడాలని కోరుకునేదాన్ని, బిడ్డ గుర్తొచ్చి నా నోరు నేనే మూసుకునేదాన్ని. చిగుళ్ళలో చీము పట్టి మానింది. కోపం మానలేదు.

ఆ ఎండాకాలం పోయి వానలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం నాయిన పరుగులాంటి నడకతో వచ్చి, "మనూరి మిషన్ దవాఖాన ముందల మీ అత్తగారి ఎడ్లున్నయి" అన్నాడు. చేతిలో పని వదిలి లేచాను. చస్తుంటే చూద్దామనే పోయాను. నా మనసులో ఇంకేమీ లేదు.

దవాఖాన వరండాలో చాప మీద పడుకుని ఉన్నాడు. నేను ముందు పోల్చుకోలేదు. బుగ్గలు లోపలికి పోయి, కళ్ళు గుంటల్లో పడి, చర్మం ఎముకల మీద వేలాడుతోంది. పక్కన మా అత్త. నన్ను చూసి తిడుతుందనుకున్నాను. మొహం పక్కకు తిప్పుకుంది, అంతే. నేను ఆ ఇంట్లో వండక ఎన్ని నెలలైందో ఆమెకూ తెలుసు. నా చెయ్యి పడని అన్నం తింటూనే ఆమె కొడుకు ఇలా అయ్యాడు.

డాక్టరమ్మ దొరల సీమ నుంచి వచ్చిన మనిషి. తెలుగు బైబిలు చదివి నేర్చుకుంది కాబట్టి ఎవరితో మాట్లాడినా ప్రవక్తలు మాట్లాడినట్టే ఉండేది. సికింద్రాబాదుకు పంపించి, తెల్లటి సుద్దనీళ్ళలాంటివి తాగించి లోపలి ఫోటో తీయించింది. ఆ ఫోటో వెలుతురుకు పట్టి చూసి, మా అత్తను అడిగింది.

"అమ్మా, ఈ మనుష్యునికి రొమ్ములో మంట ఎప్పటినుండి కలుగుచున్నది?"

"సోడా తాగవట్టి ఏండ్లయితాంది, దొరసానీ" అంది మా అత్త. "పెండ్లికి ముందల నుంచే. మీసం రాకముందుగాల నుంచే. దినాం నేనే కలిపి తాపుతుంటి."

అని ఆగిపోయింది. తను ఏమందో తనకే వినిపించింది.

"అత్తా," అన్నాను, "గా మాట మళ్ళొకసారి జెప్పు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఆమె గొంతు పట్టుకోవాలనిపించింది. పెండ్లికి ముందు నుంచి! నేను ఆ ఊరి పేరు కూడా వినక ముందు నుంచి!

మిగతా ప్రశ్నలకు నేనే జవాబులు చెప్పాను. ఏం తినేవాడో, ఎలా పడుకునేవాడో, వంగితే ఏమయ్యేదో, మంట తగ్గాకే ముద్ద ఎలా ఆగిందో, అన్నీ చెప్పాను. తన్నులు తింటూ నేర్చుకున్నవి కాబట్టి ఒక్కటీ మరిచిపోలేదు. డాక్టరమ్మ అంతా విని, మాకు అర్థమయ్యే మాట కోసం వెతుక్కుని, చివరికి బజారు మాటే వాడింది. ప్రతి మనిషి కడుపులోనూ తేజాబ్, కంసాలి నగలు కడిగే ఆమ్లం లాంటిది, ఉంటుందట, తిన్నది అరగడానికి. కడుపు లోపలి పొర దానికి తట్టుకుంటుంది. పైనుంచి అన్నం దిగే గొట్టానికి ఆ శక్తి లేదు. రెంటికీ మధ్య మూసుకోవాల్సిన చోటు అతనికి సరిగ్గా మూసుకోదు. తేజాబ్ పైకి ఎగదన్ని గొట్టం లోపలి పొరను కాలుస్తుంది. పుండవుతుంది, మానుతుంది, మానక ముందే మళ్ళీ కాలుతుంది. ఏళ్ళ తరబడి అలా కాలి, మాని, కాలి, ఆ చోట గట్టి మచ్చ కట్టి గొట్టం సన్నబడిపోయింది. సన్నబడ్డాక పైకి తన్నుకురావడం తగ్గుతుంది కాబట్టి మంట తగ్గింది. అన్నం దిగడం ఆగింది.

ఇది నాకు వెంటనే అర్థమైంది. ఇత్తడి గిన్నెకు కళాయి ఉన్నంతసేపే అందులో పులుసు కాస్తాం. కళాయి లేని గిన్నెలో కాస్తే పులుపు గిన్నెను తింటుంది. దేవుడు కడుపుకు కళాయి వేసి గొంతును ఉత్తగా వదిలేశాడు.

"మరి గా దినం పళ్ళెంల వడ్డది ఏంది?" అని అడిగాను. ఎలా ఉందో, ఎంత ఉందో చెప్పాను.

"నీళ్ళు దిగకపోక మునుపు అతడేమి భుజించెను?"

"యాటకూర."

"అది మాంసపు ముక్కయే. సన్నని చోట చిక్కుకొని యుండెను. వాంతితో బయటికి వచ్చెను, గనుక నీళ్ళు దిగెను." ఆమె నా నోటి వైపు చూసింది. "కాని ఆ పసరుతో కక్కించుట మహా పాపము. కాలిన పుండుపై మరల తేజాబ్ పోసినట్లే."

నేను నవ్వాను. నవ్వాపుకోలేకపోయాను. నేనే కోసి, నేనే కడిగి, నేనే కారం పట్టించి వండిన యాటకూర ముక్క. దాని పీచులను పట్టుకుని వెంట్రుకలన్నారు. దానికోసం నా పళ్ళు పోయాయి. నవ్వుతూ నవ్వుతూ స్తంభాన్ని చేత్తో కొట్టాను, వేళ్ళు చిట్లేదాకా కొట్టాను. చాప మీది మనిషి కళ్ళు మూసుకున్నాడు.

వైద్యం కూడా చిన్న హింస కాదు. డాక్టరమ్మ ఒకదానికంటే ఒకటి లావుపాటి గొట్టాలు గొంతులోంచి దించి ఆ సన్నటి చోటును సాగదీసేది. అతను ఎద్దులా రంకెలు వేసేవాడు, గిన్నె నిండా నెత్తురు ఉమ్మేవాడు. వారం తిరిగేసరికి గంజి దిగింది. తర్వాత మెత్తటి అన్నం దిగింది. అయితే మచ్చ మళ్ళీ బిగుస్తుందట. అందుకని లోపల పాదరసం నింపిన మెత్తటి రబ్బరు గొట్టం ఒకటి ఇచ్చి, వారానికోసారి ఇంటి దగ్గరే ఎవరో ఒకరు దించాలని చెప్పింది. కారం, చుట్ట, కల్లు బంద్. తిన్న వెంటనే పడుకోవడం బంద్. మంచం తలాపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టాలి.

గొట్టం దించడం మా అత్తకు నేర్పబోయింది. ఆమె చేతులు గజగజలాడాయి. అతను డోకి ఆమె వేలు కొరికాడు. డాక్టరమ్మ నన్ను పిలిచింది. నా చెయ్యి వణకలేదు. కోపం ఉన్నవాళ్ళ చెయ్యి వణకదని నాకు ఆరోజే తెలిసింది. మొదటిసారికే నేరుగా దించాను.

"నీవు దీనిని చక్కగా చేయుచున్నావు" అంది డాక్టరమ్మ.

"నేను జెయ్య" అన్నాను.

మా అత్త నా కాళ్ళు పట్టుకోబోయింది. వెనక్కి జరిగాను. నా షరతు అతనికే చెప్పాను, మొహం మీదికి వంగి. "గదే వాకిట్ల, గా దినం ఉన్నోళ్ళందరు ఉండాలె. నేను మందు వెట్టలేదని నీ నోటితోని జెప్పాలె. నా బిడ్డ నా చేతికి రావాలె. బిడ్డతోని నేను నాయినింట్లనే ఉంట. వారానికోసారి గొట్టం దించనీకె నువ్వే బండి కట్టుకోని రావాలె. లేకుంటే నీ గొంతు నీది."

అతను పైకప్పు వైపు చూస్తూ తలూపాడు.

షామీర్‌పేట వాకిలి ఎప్పటిలాగే ఉంది. రోలు పక్కనే గుండ్రాయి, కొత్తగా కారం నూరి ఎర్రగా ఉంది. జనం వచ్చారు. నా మీద రాళ్ళు విసిరిన పిల్లలూ వచ్చారు. నాయిన నా వెనక నిలబడ్డాడు. అతన్ని పీట మీద నిటారుగా కూచోబెట్టి నేను ఎదురుగా నిలబడ్డాను.

"ముందుగాల జెప్పు."

గొణిగాడు.

"గట్టిగ. గా దినం గట్టిగనే కొట్టినవు గదా."

"ఆమె నాకేం వెట్టలే" అన్నాడు. గొంతు చీలికలు చీలికలుగా వచ్చింది. "మందు లేదు, ఏం లేదు. నా కడుపుల తేజాబే నా గొంతు గాల్చింది."

"మరి గా ముద్దేంది?" అని అడిగారెవరో.

అతను నా వైపు చూశాడు. నేను చూపు తిప్పలేదు.

"యాటకూర" అన్నాడు.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు అతనికి గుండ్రాయి దెబ్బకంటే గట్టిగా తగిలిందని మొహం చూస్తే తెలిసింది. నాకు తృప్తిగానే ఉంది, ఎందుకు దాచాలి? మా అత్త లోపలికి పోయి బిడ్డను తెచ్చింది. నడుస్తోంది నా బిడ్డ. నేను లేనప్పుడు నడక నేర్చింది. రెండు చేతులూ చాపి, పిలిచి, నోరారా నవ్వాను. అది నా నోటి వైపు చూసింది. పళ్ళు లేని ఆ సందును చూసి బెదిరి, కెవ్వుమని ఏడ్చి మా అత్త కుచ్చెళ్ళలో మొహం దాచుకుంది.

నేను పెదాలు మూసుకున్నాను. నాయిన ముందుకొచ్చి, ఏడుస్తున్న దాన్ని అలాగే ఎత్తుకుని బండి దగ్గరికి తీసుకుపోయాడు.

గొట్టానికి నూనె రాశాను. అతని గడ్డం పట్టుకుని పైకెత్తాను.

"నోరు దెరువు" అన్నాను.

తెరిచాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. పైవరుస, కిందివరుస, అతని పళ్ళన్నీ ఉన్నాయి. ఏళ్ళ తరబడి గొంతులోంచి తన్నుకొచ్చిన పులుపుకు లోపలివైపు అరిగి పసుపుపచ్చగా ఉన్నాయి గానీ, ఒక్కటీ పోలేదు. బండి దగ్గర నా బిడ్డ ఇంకా నన్ను చూసిన భయంతోనే ఏడుస్తోంది. నేను ఆ పళ్ళ మధ్యలోంచి గొట్టాన్ని లోపలికి తోశాను.